కూవం దాటేవాడి అలవాటు

సంపాదక మహాశయులకు నమస్కారములు.

మా అబ్బాయి ఉద్యోగం షాంఘైలో కావడంతో మొన్న వేసవిలో మా దంపతులం అక్కడ మూడు వారాలు ఉండి వచ్చాము. దాదాపు రెండున్నర కోట్ల జనం ఉన్న ఆ మహానగరంలోని 632 మీటర్ల షాంఘై టవర్ గురించీ, 1993లో మొదలై నేడు 800 కిలోమీటర్లు దాటిన మెట్రో గురించీ ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. కూరల కొట్టులో నోటు చాపితే అక్కడి ముసలావిడ నవ్వి, ఫోను తీయమని సైగ చేసిన సంగతి మాత్రం మా ఆవిడ ఇప్పటికీ చెబుతూనే ఉంది.

నేను రాయదలచుకున్నది సుజౌ ఏటి గురించి. అది 1907 నాటి వైబైదు ఉక్కు వంతెన దగ్గర హువాంగ్‌పూ నదిలో కలుస్తుంది. ఆ వంతెన ఎక్కుతుండగానే నా చెయ్యి జేబులోని రుమాలు కోసం దానంతటదే వెళ్ళింది. చెన్నై చింతాద్రిపేటలో ఉంటూ నలభై ఏళ్ళుగా మురుగు కంపు కొట్టే కూవం నది దాటేవాడికి ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? కంపు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయనను, పచ్చగా కాస్త మడ్డిగానే ఉన్నాయి. ఒడ్డున ఒక పెద్దావిడ కమ్మీ మీదికి కాలు చాపి వ్యాయామం చేస్తూ, మధ్యమధ్యన ఫ్లాస్కులోని టీ తాగుతోంది.

ఆ ఏరూ ఒకప్పుడు ఫ్యాక్టరీల వ్యర్థాలతో, ఇళ్ళ మురుగుతో నల్లబడి కంపుకొట్టినదే. 1998లో ప్రక్షాళన మొదలుపెట్టి, ఏట్లో పడే మురుగును గొట్టాలతో దారి మళ్ళించి శుద్ధి కేంద్రాలకు పంపే పనికి ముందుగా పూనుకున్నారు. నగరం నడిబొడ్డున 42 కిలోమీటర్ల ఒడ్డును జనం నడిచేందుకు తెరవడం 2020 నాటికి గాని పూర్తికాలేదు. అక్కడి సర్కారు ఎవరినైనా అడిగి చేసిందా అన్నది వేరే ప్రశ్న, ఆ పద్ధతి మనకు వద్దు. పనుల వరుస మాత్రం నేర్చుకోదగ్గది.

మన దగ్గర కూవం ఒడ్డునున్న కుటుంబాలను దూరాన పెరుంబాక్కం పంపారు, కంచెలు వేశారు, మొక్కలు నాటారు. మా ఇంటి దగ్గరి వంతెన కింద ఉన్న వానకాలువ నోటి నుంచి మాత్రం నడివేసవిలోనూ నల్లటి ధార పడుతూనే ఉంది. చినుకు లేని రోజున వానకాలువలో నీరెక్కడిది?

ఇలా మురుగు కలుస్తున్న చోట్లను కార్పొరేషన్ వార్డుల వారీగా ప్రకటించి, ఒక్కొక్కటీ ఎప్పటికి మూసేదీ చెప్పాలి. మీ పత్రిక నగర పుటలో ఆ జాబితాను అడగవలసిందిగా కోరుతున్నాను. మా వంతెన కింది నోటితోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, చింతాద్రిపేట, చెన్నై