తోటమాలికి కత్తెర దొరికింది

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది నెల దాటింది. జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. ఇక్కడ అందరం క్షేమం, ఉద్యోగం సాగుతోంది, నీ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను. నిన్న రాత్రి, ఫైళ్లను వెతికిపెట్టే ఫైండ్ కమాండ్ దగ్గర జరిగినది నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

పాత ప్రాజెక్టులో మేము రాసుకున్న జేసన్ ఫైళ్లన్నీ వెతకవలసి వచ్చింది. అవి ముప్పైకి మించవు. ఇతరులు రాసిన లైబ్రరీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ డైరెక్టరీలో ఉన్నవి మాత్రం వేలు. ఎప్పటిలాగే అది వద్దని, ఆ డైరెక్టరీ పేరుతో -నాట్ -పాత్ అని రాసి వదిలాను. జాబితా సరిగానే వచ్చింది, కానీ చాలాసేపు పట్టింది. అనుమానం వచ్చి అదే కమాండును, ప్రోగ్రాం సిస్టమ్‌ను అడిగే ప్రతి పనినీ చూపే స్ట్రేస్ కింద నడిపితే, నేను వద్దన్న డైరెక్టరీలోని ప్రతి గదినీ తెరిచి చూస్తున్న వరసలు తెర మీద పరుగులు తీశాయి. ఇన్నేళ్లూ నేను రాసినది "లోపలికి వెళ్లకు" అని కాదు, "అంతా తిరిగి రా, కనబడినది మాత్రం నాకు చెప్పకు" అని! ఆ వరసలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

అప్పుడు నువ్వు నాకు తోటమాలి అని పేరు పెట్టిన రోజు గుర్తుకొచ్చింది. ప్రూన్ అంటే కొమ్మ కత్తిరించడమేనని నువ్వు ఆనాడే చెప్పావు, నేను వినలేదు. ఇలా రాశాను:

ఫైండ్ . -నేమ్ నోడ్_మాడ్యూల్స్ -ప్రూన్ -ఓ -నేమ్ '*.జేసన్' -ప్రింట్

రెప్పపాటులో ముగిసింది. ఫైండ్ ఈ షరతులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. పేరు కలిస్తే -ప్రూన్ ఆ డైరెక్టరీలోకి దిగకుండా ఆపి, తాను నిజమని జవాబిస్తుంది. అందువల్ల -ఓ (అంటే 'లేదా') తరువాతి భాగం జోలికి పోనవసరం ఉండదు. పేరు కలవని వాటికే రెండో భాగం వర్తిస్తుంది. నక్షత్రం గుర్తున్న నమూనాను కొటేషన్లలో పెట్టకపోతే మన కమాండును ముందుగా చదివే షెల్ దానిని ఫైళ్ల పేర్లుగా ముందే విప్పేస్తుందన్నది నీకు తెలిసినదే.

చివరి -ప్రింట్ నన్ను మరో అరగంట కూర్చోబెట్టింది. మొదట దానిని రాయలేదు, అప్పుడు కత్తిరించిన నోడ్ మాడ్యూల్స్ పేరు కూడా జాబితాలో కనిపించింది. ఏ పనీ చెప్పకపోతే ఫైండ్ మొత్తం వాక్యానికి తానే ప్రింట్ తగిలిస్తుంది. ప్రూన్ కూడా నిజమే కనుక ఆ పేరూ పడుతుంది. మనమే చివర రాస్తే అది కుడివైపు భాగానికి మాత్రమే చెందుతుంది. ఎంత పద్ధతిగా ఉందో చూడు!

సంతోషంలో ఇంకో అడుగు వేయబోయాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పాత లాగ్ ఫైళ్లను తీసివేద్దామని -ప్రింట్ స్థానంలో -డిలీట్ పెట్టాను. గ్నూ ఫైండ్ (నేను వాడే ఫైండ్ అదే) ఒప్పుకోలేదు: డిలీట్ తనంతట -డెప్త్‌ను తెస్తుంది, డెప్త్ ఉన్నప్పుడు ప్రూన్ పనిచేయదు అని హెచ్చరించి ఆగిపోయింది. డెప్త్ అంటే లోపలివన్నీ చూశాకే డైరెక్టరీ దగ్గరకు రావడం కదా; అప్పటికి కత్తిరించడానికి ఏం మిగులుతుంది? ఆ కమాండు రాసినవారికి నేను మనసారా ఋణపడి ఉన్నాను. కనుక నువ్వు కూడా దయచేసి ముందు ప్రింట్‌తో జాబితా చూసుకో, తుడిచే పని ఆ తరువాతే.

ఫైళ్ల లోపలి మాటలు వెతికే గ్రెప్‌కు ఈ తిప్పలు లేవు, --ఎక్స్‌క్లూడ్-డిర్ ఒక్కటి చాలు. అలాంటిదే అయిన రిప్‌గ్రెప్ అయితే గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉన్నవాటిని అడగకుండానే వదిలేస్తుంది, కానీ ఒక్కోసారి మనకు కావలసిన ఫైలే అందులో ఉంటే... అది వేరే కథ. ఫైండ్‌లో రెండు మూడు డైరెక్టరీలను ఒకేసారి కత్తిరించాలంటే బ్రాకెట్లు కావాలి, ఒక్కో బ్రాకెట్ ముందు వెనక్కి వాలిన గీత ఉండాలి, చుట్టూ ఖాళీ కూడా తప్పనిసరి. నిన్న ఆ ఖాళీ మరిచిపోయి నేను

పిలుపు వచ్చింది, వెళ్లాలి. బ్రాకెట్ల సంగతి రేపు రాస్తాను.

నీ
తోటమాలి