ఆఫ్రికాన్స్‌లో దొరికే ప్రశ్నపత్రం ఇసిజూలూలో ఎందుకు దొరకదు?

దక్షిణాఫ్రికా ప్రాథమిక విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. డర్బన్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. మీ నాలుగో తరగతి సైన్స్ సిలబస్‌లో కట్టడాల పాఠం నాకు చాలా నచ్చింది. జూలూల గడ్డి ఇల్లు, ఖోయ్ తెగవాళ్ల చాప ఇల్లు అందులో ఉదాహరణలు. సన్నటి కొమ్మల్ని వంచి అడ్డంగా నిలువుగా కట్టి, పైన గడ్డి కప్పితే అది గాలికి ఎలా ఆగుతుందో పిల్లలు ఆలోచించాలి. అచ్చమైన ఇంజనీరింగే అది.

చిక్కేమిటంటే, మూడో తరగతి దాకా జూలూల భాష ఇసిజూలూలో చదివిన పిల్లలకు చాలా బళ్లలో సరిగ్గా నాలుగులోనే ఇంగ్లీషు మీడియం మొదలవుతూ వచ్చింది. నానమ్మ ఊళ్లో అలాంటి ఇల్లు కడుతుంటే చూసిన పిల్లకు ఏ కొమ్మ వంగుతుందో, గడ్డి ఎప్పుడు కోయాలో తెలుసు. క్లాసులో మాత్రం నోరు పెగలదు. ఆ ఇంటిని బొమ్మలో తప్ప చూడనివాడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి మార్కులు కొట్టేస్తాడు.

2025లో మీ శాఖ నాలుగో తరగతి లెక్కలు, సైన్స్‌ను మాతృభాష, ఇంగ్లీషు రెండింట్లో చెప్పించడం మొదలుపెట్టింది. దయచేసి దీన్ని మధ్యలో వదిలేయకండి. మాతృభాషలో చదువంటే తల్లిదండ్రులు అనుమానిస్తారు. అందులో తప్పేముంది? వర్ణవివక్ష ప్రభుత్వం తెచ్చిన 1953 నాటి బాంటూ విద్యా చట్టం మాతృభాష పేరు చెప్పే నల్లజాతి పిల్లల చదువును కూలిపనికి సరిపోయేంత దగ్గర ఆపేసింది. 1976లో తెల్లపాలకుల భాష ఆఫ్రికాన్స్‌ను బడిలో రుద్దవద్దన్న, జొహానెస్‌బర్గ్ దగ్గరి సొవెటో పిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇంత జరిగాక ఉపన్యాసాలతో ఎవరూ నమ్మరు. మెట్రిక్ (పన్నెండో తరగతి) ఫిజిక్స్ పేపర్ ఆఫ్రికాన్స్‌లో దొరుకుతోంది కదా, ఇసిజూలూ, ఇసిఖోసా పిల్లలకూ ఇంగ్లీషు పక్కనే వాళ్ల భాషలో అచ్చువేసి ఇవ్వండి. అప్పుడు నమ్ముతారు.

సెప్టెంబర్ 24 హెరిటేజ్ డేకి పిల్లలు పూసల దండలేసుకుని వస్తారు, ముచ్చటగా ఉంటుంది. మర్నాడు జ్యామితి క్లాసులో ఆ పూసల నమూనాల ఊసే రాదు.

మీ రాజ్యాంగం 6వ సెక్షన్ గౌరవించమన్న భాషల్లో మా తెలుగు కూడా ఉంది. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వచ్చిన తెలుగువాళ్ల మునిమనవల్లో చాలామందికి ఆ భాష ఇప్పుడు భజనల్లోనే మిగిలింది. రాజ్యాంగంలో పేరెక్కినంత మాత్రాన భాష బతకదని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఇల్లు కట్టడం, పూసలల్లడం తెలిసిన ఊరి పెద్దలను బడికి పిలిపించే అధికారం ప్రిన్సిపాళ్లకు ఇవ్వండి. శాలువా కప్పి పంపేయకుండా, టీచర్‌కి ఇచ్చినట్టే గంటకింతని డబ్బు కట్టివ్వండి.

ఇట్లు,
డర్బన్ నుంచి ఒక తెలుగు తండ్రి