సరిహద్దు జిల్లాలకు చిగుళ్ళ డాక్టర్‌ని ఇవ్వండి: ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది గజపతి జిల్లాలో, వంశధార ఒడ్డున ఉండే తెలుగు కుటుంబం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వయసు మళ్ళిన ఆడవాళ్ళను పళ్ళ గురించి అడగండి. "ఊగింది, పీకించేశాను" అంటారు చాలామంది. మా పెద్దమ్మకు కూడా ఒక క్లినిక్‌లో కింది పళ్ళు చాలావరకు తీసేశారు. చిగురు ఎంత లోతుకు వదిలిందో కొలవలేదు, ఎక్స్‌రే తీయలేదు. ఆపరేషన్‌తో కొన్నయినా నిలబెట్టొచ్చేమో అన్న మాటే రాలేదు. అన్నీ నిలిచేవని నేను అనడం లేదు. చూసి చెప్పాలి కదా, అదే నా బాధ.

ఈ చిగుళ్ళ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండానే ముదిరిపోతుంది. పాచి గట్టిపడి గారగా మారి చిగురు కిందకు దిగుతుంది. చిగురు పంటిని వదిలేస్తుంది, లోపల ఎముక కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు 3 మిల్లీమీటర్లు దాటదు. జబ్బు చేస్తే ముందు స్కేలింగ్ (పళ్ళ మీది గార తీసే క్లీనింగ్) చేసి, పంటి వేళ్ళ మీది గార కూడా తీసి, కొన్ని వారాలు ఆగి మళ్ళీ కొలుస్తారు. (క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మా ఊళ్ళో ఇంకా భయపడతారు. పళ్ళను వదులు చేసేది జబ్బే.) అప్పటికీ 5, 6 మిల్లీమీటర్ల సందులు మిగిలి రక్తమో చీమో వస్తుంటే ఫ్లాప్ సర్జరీ అవసరపడుతుంది. ఆ చోటు వరకే మత్తు సూది ఇచ్చి, చిగురు తెరిచి, వేరు కంటికి కనపడేలా శుభ్రం చేసి కుట్లు వేస్తారు. ఎముకలో గుంట పడిన తీరు అనుకూలిస్తే ఎముక పొడి కూడా నింపుతారు. పోయిన ఎముక మొత్తం తిరిగి రాదు గానీ, జబ్బు ఆగితే ఉన్న పన్ను ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

2016-17 జాతీయ పొగాకు సర్వేలో ఒడిశా పెద్దవాళ్ళలో 45.6 శాతం మంది పొగాకు వాడుతున్నారని తేలింది. అందులో ఎక్కువ భాగం నోట్లో పెట్టుకునేదే. పొద్దున్నే గుడాఖుతో (పొగాకు ముద్దతో) పళ్ళు తోమే ఇళ్ళు మా దగ్గర ఎన్నో. చుట్ట తాగేవాళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి జబ్బు చాటున పెరుగుతుంది. ఆపరేషన్ చేసినా గాయం సరిగా మానదు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. షుగర్ పరీక్షకు వచ్చినవాళ్ళ నోరు కూడా ఒకసారి తెరిపించి చూడమని మీ సిబ్బందికి చెప్పండి.

రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ కటక్‌లో ఉంది. మా వాళ్ళు అప్పుచేసి ఒకసారి వెళ్ళగలరేమో. కానీ ఈ ఆపరేషన్ ఒక్క రోజుతో అయిపోదు. వారం, పది రోజులకు కుట్లు తీయాలి. తర్వాత దాదాపు మూడు నెలలకొకసారి శుభ్రం చేయించుకోవాలి. అది ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది. కూలి పోగొట్టుకుని అన్నిసార్లు బరంపురం దాటి కటక్ దాకా ఎవరు వెళ్తారు? పీకించుకోవడమే సులువనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. సరిహద్దు జిల్లాల ప్రధాన ఆసుపత్రుల్లో చిగుళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. (దంతవైద్యంలో పీజీ) చేసిన డాక్టర్‌ను నియమించండి. వెంటనే కుదరకపోతే నెలలో ఒక ఖాయమైన రోజున పంపండి, కుట్లు తీసే పని, తర్వాతి క్లీనింగ్ ఇక్కడి డెంటల్ డాక్టర్లే చూసుకునేలా ఏర్పాటు చేయండి. పన్ను తీసే ముందు సందు లోతు కొలిచి చీటీ మీద రాయడం తప్పనిసరి చేయండి. ఆయుష్మాన్ కార్డు మీద ఈ ఆపరేషన్ జరుగుతుందో లేదో ఆసుపత్రి గోడ మీద స్పష్టంగా రాయించండి, లేకపోతే చేర్పించండి. ఆపరేషన్ అయ్యాక ఏం తినాలి, ఎప్పుడు బ్రష్ చేయాలి, గుడాఖు ఎందుకు మానాలి అన్న కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ, సవర భాషలోనూ ఇప్పించండి.

ఇట్లు,
గజపతి జిల్లా తెలుగు పౌరురాలు