నాట్లు అయిపోయాక మొదలయ్యే వ్యవసాయ చదువు: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో మిర్చి సాగు చేసుకునే అమ్మాయిని. పదో తరగతి అయ్యాక 2018లో వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమాలో చేరి, 2020లో పూర్తి చేశాను. నా చదువు ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇది నా కోసం రాస్తున్న లేఖ కాదు. పదో తరగతి ఫలితాలు చేతిలో పెట్టుకుని, ఇంటర్‌కి వెళ్లాలా, ఈ డిప్లొమాలో చేరాలా అని ఇంట్లో తర్జనభర్జన పడే పిల్లల కోసం రాస్తున్నాను. వాళ్లలో మా చిన్నాన్న కూతురు కూడా ఉంది. "అక్కా, నువ్వు చదివావు కదా, చేరమంటావా?" అని అడిగింది. చేరమనే చెప్పాను. కానీ ఆ మాట చెప్పే ముందు కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఎందుకు ఆలోచించాల్సి వచ్చిందో మీకు చెప్పాలనిపించింది.

ముందు ఆ చదువు నాకు ఏమిచ్చిందో చెబుతాను. 2021లో దసరా దాటాక మా ఊళ్లో మిర్చి తోటలు చూస్తుండగానే ముడుచుకుపోవడం మొదలైంది. వరసకు బాబాయ్ అయ్యే ఒక రైతు ప్లాస్టిక్ కవర్లో నాలుగు ఆకులు, గుప్పెడు పూలు వేసుకుని మా ఇంటికి వచ్చారు. అప్పటికే పది రోజుల్లో మూడుసార్లు మందు కొట్టారు. షాపులో నల్లి మందు ఇచ్చారట, దాంట్లో ఇంకో రెండు కలిపి కొట్టమన్నారట. నేను నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి, దాని మీద పువ్వును బోర్లించి వేలితో రెండుసార్లు తట్టాను. ఆవగింజలో పావు వంతు కూడా లేని నల్లటి నలకలు రాలాయి. ఒక్క క్షణం ఆగి, అవి కాగితం మీద పరుగెత్తడం మొదలుపెట్టాయి. బాబాయ్ మొహం మారిపోయింది.

అవి నల్ల తామర పురుగులు. మిర్చిలో ఆకు అంచులు పడవలాగా పైకి లేస్తే తామర పురుగు, దాన్ని పై ముడత అంటాం. ఆకు కిందికి తిరగబడితే నల్లి, అది కింద ముడత. తామర పురుగుకి నల్లి మందు కొడితే డబ్బులు పోతాయి, పురుగు మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఒక్క తేడా నాకు తెలియడానికి కారణం కాలేజీలో ఒక మేడమ్. రెండు ఆకులు పక్కపక్కన పెట్టి, మా అందరి చేతా తడిమించి మరీ చెప్పారు. బాబాయ్ తోటను నేను కాపాడానని చెప్పను. ఆ ఏడు ఆ పురుగు ఎవరికీ లొంగలేదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిర్చి రైతుల్ని కోలుకోలేని దెబ్బ తీసింది. కానీ ఆ రోజు తర్వాత ఆయన అక్కర్లేని మందు ఒక్కటి కూడా కొట్టలేదు. నీలి రంగు జిగురు అట్టలు కట్టారు, వేపనూనె వాడారు, యూరియా తగ్గించారు.

యూరియా అంటే గుర్తొచ్చింది. మా దగ్గర డీఏపీ వేసినా సరే, యూరియా మాత్రం ఎప్పుడూ వేసినంతే వేస్తారు. డీఏపీలో కూడా నత్రజని ఉంటుందని చాలామందికి తెలియదు. యాభై కిలోల డీఏపీ బస్తాలో 18 శాతం, అంటే 9 కిలోల నత్రజని ఉంటుంది. అంత నత్రజని యూరియాలో కావాలంటే దాదాపు 20 కిలోల యూరియా పడుతుంది. అంటే ఒక బస్తా డీఏపీ వేసిన రైతు అర బస్తా దాకా యూరియా తగ్గించుకోవచ్చు. ఈ లెక్క చేయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పదో తరగతి తర్వాత రెండేళ్లు చదివిన పిల్ల చాలు, కాకపోతే ఆ పిల్ల ఊళ్లో ఉండాలి. నాలుగేళ్ల వ్యవసాయ బీఎస్సీ చదివినవాళ్లు పీజీకో, బ్యాంకు ఉద్యోగానికో, పోటీ పరీక్షలకో వెళతారు, అందులో తప్పేమీ లేదు. ఊళ్లో మిగిలేది, రైతు కేకేస్తే పలికేది ఎక్కువగా మాలాంటి డిప్లొమా వాళ్లమే. అందుకే ఈ కోర్సును చిన్నచూపు చూడొద్దని అడుగుతున్నాను.

ఇక అసలు విషయం. నేను చేరిన ఏడాది ప్రవేశాలన్నీ పూర్తయి తరగతులు మొదలయ్యేసరికి అక్టోబరు వచ్చేసింది. అప్పటికి కాలేజీ పొలంలో వరి పొట్ట దశలో ఉంది. విత్తన శుద్ధి, నారుమడి, దమ్ము, నాట్లు, మొదటి కలుపు అన్నీ అయిపోయాయి. వాటి గురించి మేం తరగతి గదిలో చదువుకున్నాం, బొమ్మలు వేశాం, రికార్డు రాశాం. సరే, రెండో ఏడు ఖరీఫ్ ఉంది కదా అనుకున్నాం. పరీక్షలు వెనక్కి జరిగి మూడో సెమిస్టర్ ఆగస్టు చివరికి గానీ మొదలవలేదు. మళ్లీ నాట్లు దాటిపోయాయి. మిర్చి కోతల సమయానికి నాలుగో సెమిస్టర్‌లో ఉన్నాం. మార్చిలో కరోనా వచ్చి కాలేజీ మూసేశారు, మిగతా పాఠాలు ఫోన్‌లో విన్నాం. కరోనాకి ఎవరూ బాధ్యులు కారు. కానీ ఆ ముందు జరిగిన రెండు ఆలస్యాలకీ కరోనాతో సంబంధం లేదు.

మొత్తం మీద రెండేళ్లు వ్యవసాయం చదివి, ఒక్క పంటనైనా విత్తనం నుంచి కోత దాకా చూడకుండా నేను సర్టిఫికెట్ తీసుకున్నాను.

నేను చేలో వరి నాటిన ఫోటో ఒకటి ఇప్పటికీ నా దగ్గర ఉంది. నలభై మందికి పైగా విద్యార్థులకి ఒక చిన్న మడి ఇచ్చారు. తలా ఒక వరస నాటాం, ఫోటో తీయించుకున్నాం, ఒడ్డుకి వచ్చేశాం. అది అసలు నాట్ల కాలం కూడా కాదు, ప్రాక్టికల్ కోసం ప్రత్యేకంగా దమ్ము చేయించిన మడి. ఆ వరస ఏమైందో, పిలకలు ఎన్ని వేసిందో మాలో ఎవరికీ తెలియదు. పిలకలు లెక్కపెట్టడం ఎలాగో మాత్రం పరీక్షలో రాశాం.

మా ఊళ్లో నాతో పాటు బళ్లో చదివి, పదో తరగతితో ఆపేసిన ఒక అమ్మాయి కూలికి వెళుతుంది. నాట్లు వేసేటప్పుడు నారు ముదిరిందా లేదా అని ఆకు పట్టుకుని చెప్పేస్తుంది. నాకు ఆ చెయ్యి రావడానికి డిప్లొమా అయ్యాక రెండు సీజన్లు పట్టింది. ఆ రెండూ కాలేజీలో ఉండగానే రావాల్సినవి. పురుగుల పేర్లు నాకు తెలుసు, పొలం ఆమెకి తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి రావడం కోసమే కదా ఈ కోర్సు పెట్టింది!

కాబట్టి నేను అడిగే మొదటి పని ఇది. పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ చివరికల్లా వచ్చేస్తున్నాయి. వ్యవసాయ డిప్లొమా ప్రవేశాలు మేలో ముగించి, జూన్‌లో తొలకరి పడే వేళకి పిల్లల్ని పొలంలో ఉంచండి. మిగతా కోర్సుల కౌన్సెలింగులన్నీ అయ్యేదాకా ఆగాల్సిన అవసరం ఈ కోర్సుకి లేదనుకుంటాను. ఇంజనీరింగ్ ల్యాబులో యంత్రం అక్టోబరు దాకా ఎదురుచూస్తుంది, చేను ఎదురుచూడదు. సెలవులు కూడా పంటను బట్టి ఇవ్వండి. ఎండాకాలంలో పొలం ఖాళీగా ఉన్నప్పుడు పాఠాలు, పరీక్షలు పెట్టుకోవచ్చు. నాట్లప్పుడు, కోతలప్పుడు పుస్తకం మూసేసినా ఫర్వాలేదు.

దాంతో పాటు ప్రతి విద్యార్థికీ ఒక చిన్న మడి సొంతంగా ఇవ్వాలి. ఐదు సెంట్లు చాలు. విత్తనం ఎంచుకోవడం, భూసార పరీక్ష చేయించడం, ఎరువు లెక్క, ఖర్చు పుస్తకం, చివరికి అమ్మకం అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. నష్టం వస్తే ఎందుకు వచ్చిందో రాయాలి, దానికీ మార్కులు వేయాలి. నా అనుభవంలో ఎక్కువ నేర్పింది పండిన పంట కాదు, 2022లో నేను ముందే నీళ్లు ఎక్కువ పెట్టి వేరుకుళ్లు తెచ్చుకున్న అరెకరం. అనుబంధంగా నడిచే ప్రైవేటు పాలిటెక్నిక్‌లలో చేతిలో తగినంత భూమి లేకుండా అనుమతి పొందినవి ఉంటే, వాటిని తనిఖీ రోజున కాకుండా ఆగస్టులో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చూసి రమ్మని అధికారులకి చెప్పండి. పొలం ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

డిప్లొమా చేతికొచ్చాక ఏం జరుగుతుందో కూడా వినండి. పదిహేనేళ్లకి చేరిన పిల్ల పదిహేడేళ్లకి బయటికి వస్తుంది. యాభై ఏళ్ల రైతు దగ్గరికి వెళ్లి "ఈ మందు వద్దు బాబాయ్" అంటే, "నీ వయసంత కాలం నుంచి ఈ చేను చేస్తున్నానమ్మాయ్" అంటారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎకరానికి లక్ష దాటి పెట్టుబడి పెట్టిన మనిషి చిన్నపిల్ల మాట మీద దాన్ని పణంగా పెట్టలేడు. ఆ నమ్మకం కుదరాలంటే పక్కన అనుభవం ఉన్నవాళ్లు ఉండాలి. అందుకే డిప్లొమా అయిన ప్రతి ఒక్కరినీ ఒక పూర్తి ఖరీఫ్ సీజన్ పాటు రైతు సేవా కేంద్రంలో, స్టైపెండ్ ఇచ్చి, గ్రామ వ్యవసాయ సహాయకుల కింద పనిచేయించండి. ఒక్కో సహాయకుడి మీద ఎంత పని ఉందో ఊళ్లో చూస్తూనే ఉన్నాం. పంట నమోదు, ఎరువుల పంపిణీ, ఆన్‌లైన్ పనులతోనే వాళ్లకి తెల్లారిపోతోంది. వాళ్లకి చేయి సాయం దొరుకుతుంది, పిల్లలకి రైతుల మధ్య నిలబడే ధైర్యం వస్తుంది.

ఉద్యోగాల సంగతి క్లుప్తంగానే చెబుతాను. గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులకి మాకూ అర్హత ఇచ్చారు, అది మంచి నిర్ణయం. 2020 జనవరిలో నోటిఫికేషన్ వచ్చినప్పుడు నేను ఇంకా ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఆ తర్వాత వచ్చిన బ్యాచ్‌ల పిల్లలు ఏటా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఖాళీలు ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు భర్తీ చేస్తారో ముందుగా ఒక క్యాలెండర్ ప్రకటిస్తే సగం టెన్షన్ తీరుతుంది.

ఉద్యోగం రాకపోతే ఏమవుతుందో నాకు జరిగిందే చెబుతాను. పురుగుమందుల షాపు లైసెన్సుకి వ్యవసాయ చదువు ఉండాలని కేంద్రం నిబంధన పెట్టాక మా సర్టిఫికెట్లకి కొత్త గిరాకీ వచ్చింది. ఒక షాపు యజమాని మా ఇంటికి వచ్చి, నా సర్టిఫికెట్ గోడకి తగిలించుకుంటానని, ఏడాదికి ఇంత ఇస్తానని, నేను షాపుకి రావక్కర్లేదని మా నాన్నతో బేరం మాట్లాడాడు. ఇంట్లో అవసరం ఉంది. నాన్న నా వైపు చూశారు. నేను ఒప్పుకోలేదు. కానీ ఒప్పుకున్న నా తోటివాళ్ల మీద నాకు కోపం రాదు. రైతు ఆ షాపులోకి వెళ్లి, గోడ మీద సర్టిఫికెట్ చూసి, చదువుకున్న మనిషే మందు ఇస్తున్నాడనుకుంటాడు. ఇచ్చేది వేరే మనిషి. లైసెన్సులో పేరున్న మనిషి కౌంటర్ దగ్గర ఉన్నారో లేదో తనిఖీ చేయించండి. అలా చేస్తే రైతుకి మేలు, మాకు గౌరవంగా జీతం దొరుకుతుంది.

సొంతంగా పెట్టుకుందామనుకునేవాళ్లకి దారి లేకపోలేదు. అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం 2002 నుంచి ఉంది. డిప్లొమా వాళ్లకీ వర్తిస్తుంది. 45 రోజుల ఉచిత శిక్షణ, వ్యక్తిగతంగా 20 లక్షల వరకు ప్రాజెక్టుకి రుణం, ప్రాజెక్టు ఖర్చులో 36 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 44 శాతం సబ్సిడీ. కాలేజీలో రెండేళ్లున్నాను, ఈ పథకం పేరు ఒక్కసారి కూడా వినలేదు. తర్వాత ఒక సీనియర్ చెబితే తెలిసింది. నాలుగో సెమిస్టర్‌లో దీని మీద ఒక్క వారం పెట్టండి, బ్యాంకు మేనేజరుని పిలిపించి పిల్లల చేత ప్రాజెక్టు రిపోర్టు రాయించండి.

ఇంకా చదవాలనుకునేవాళ్ల గురించి ఒక్క మాట. డిప్లొమా వాళ్ల కోసం పెట్టే ప్రవేశ పరీక్ష అగ్రిసెట్ రాసి, వ్యవసాయ బీఎస్సీలో సీటు తెచ్చుకున్న పిల్లలు మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెడుతున్నారు. పాలిటెక్నిక్ పాఠాలు, డిగ్రీ పాఠాలు ఒక స్థాయివి కావని నాకు తెలుసు, నేరుగా రెండో ఏడాదిలో కూర్చోబెట్టమని అడగడం లేదు. కానీ ఇప్పుడు కొత్త విధానంలో బీఎస్సీ రెండేళ్లు చదివి మధ్యలో ఆపేసినవాళ్లకి కూడా డిప్లొమా ఇస్తున్నప్పుడు, డిప్లొమా చదివి పైకి వెళ్లేవాళ్లు చేసిన ప్రాక్టికల్స్‌కి కొంత క్రెడిట్ ఇవ్వడం న్యాయం కాదా? గుంటూరు దగ్గర లాంలోని మన ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం అధ్యాపకులతో ఒక కమిటీ వేస్తే, ఏ పాఠాలకి ఇవ్వొచ్చో ఒక్క నెలలో తేలిపోతుంది.

మంత్రి గారూ, మా చెల్లి ఈసారి దరఖాస్తు పెడుతోంది. తనతో పాటు చేరే పిల్లల్లో పొలం లేనివాళ్లు కూడా ఉంటారు. కాలేజీలో మడి దొరకకపోతే మా చేలో అరెకరం ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. జులైలో నారు పోయడం దగ్గర్నుంచి మార్చిలో ఆఖరి కోత దాకా నీళ్లు, దుక్కి ఖర్చు నాది, పంట వాళ్లది. తరగతులు జూన్‌లో మొదలుపెట్టిస్తే చాలు, పిల్లల్ని పంపండి.

ఇట్లు,
వ్యవసాయ డిప్లొమా చదివిన మిర్చి రైతు,
పల్నాడు జిల్లా