వార్షిక నివేదిక: ఎన్ని ఎలకలు పట్టామో ఎందుకు రాయలేదంటే

అందరికీ నమస్కారం. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో మన తెలుగు సంఘం చేసిన పనుల రిపోర్ట్ ఇది. బతుకమ్మ, సంక్రాంతి, పిల్లల తెలుగు క్లాసులు, ఇవన్నీ ఫొటోలతో సహా మీ ఫోన్లకి ఎప్పుడో వచ్చేశాయి కాబట్టి మళ్ళీ రాయట్లేదు, జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపుతారు. నేను రాసేది అడవి కమిటీ గురించే, అంటే ఇక్కడి పిట్టల్ని కాపాడటానికి అడవిలో ఎలకలకి, వాటిలాంటి వాటికి బోన్లు పెట్టి చూసుకునే మన జట్టు గురించి, ఎందుకంటే మొన్న మీటింగ్‌లో అందరూ అడిగింది ఒక్కటే, "ఇంతకీ ఎన్ని ఎలకలు పట్టారండీ?" అని. ఆ నంబర్ ఇందులో లేదు. కావాలనే వేయలేదు, దాని మీద కమిటీలో పెద్ద గొడవే అయింది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తా. మనం వెళ్ళేది ఆక్స్‌ఫర్డ్ వైపు కొండల్లో ఉన్న బీచ్ అడవికి. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు కాదు, చెట్టు పేరు. యూరప్ బీచ్ వేరు, ఇది వేరు, ఇక్కడివి ఏడాదంతా పచ్చగానే ఉంటాయి, మంచు మీద పడినా ఆకు రాల్చవు, మౌంటెన్ బీచ్ ఆకైతే కరివేపాకు కన్నా చిన్నది. వీటి చుట్టాలు టాస్మేనియాలో, చిలీలో, అర్జెంటీనా చివర టియెర్రా దెల్ ఫ్యూగోలో ఉన్నాయి, ఒకప్పుడు ఈ నేలలన్నీ గోండ్వానా అనే ఒకే ఖండం కాబట్టి. ఆ గోండ్వానా పేరు గోండుల సీమ నుంచి వచ్చిందే, మన ఆదిలాబాద్ గోండులు కూడా వాళ్ళే, చెట్టు మాత్రం మన దేశంలో లేదు, అదీ విచిత్రం.

పోయిన ఉగాది అక్కడే చేశాం కదా, అది మన తప్పే. ఇక్కడ ఉగాది అంటే ఎండాకాలం పోయి చలి మొదలయ్యే టైము, కందిరీగలు బాగా ముదిరి ఉండే టైము. ఆ చెట్ల మొదళ్ళు చూశారా, మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఆ నలుపులోంచి వెంట్రుక కన్నా సన్నగా తెల్లటి పోగులు వేలాడుతుంటాయి, ఒక్కో పోగు చివర ఒక బొట్టు. బెరడు లోపల ఉండే చిన్న పురుగు చెట్టు రసం తాగి, మిగిలిన తీపి అలా బయటికి వదులుతుంది. నాలిక మీద వేసుకుంటే పల్చటి పాకంలా ఉంటుంది. ఇది అసలు ఇక్కడి పిట్టలు తాగాల్సింది, కానీ 1945లో జర్మన్ కందిరీగ, 1970ల్లో ఇంకో రకం వచ్చి చేరాక ఎండాకాలం చివర్లో బొట్టు కనపడనివ్వట్లేదు. మనం వెళ్ళి బెల్లం, మామిడికాయ వేసిన ఉగాది పచ్చడి గిన్నె మూత తీసి పెడితే ఊరుకుంటాయా, ఆరు రుచులతో పాటు ఏడోది కూడా తగిలింది ఇద్దరికి. ఇక మీదట ఉగాది హాల్లోనే.

అదే రోజు కింద నేలంతా చిన్న చిన్న గింజలు పరిచినట్టున్నాయి, చెప్పులకి అంటుకునేంత. అప్పుడు సంబరపడ్డాం కానీ ఆ గింజలే తర్వాత మన కొంప ముంచాయి. బీచ్ చెట్టు ఏటా కాయదు. పోయినేడు ఎండాకాలం అంతకు ముందటేడు కన్నా ఒక డిగ్రీ దాకా ఎక్కువ వేడిగా ఉంటే, ఈ ఏడు కొండలకి కొండలు ఒకేసారి కాస్తాయి. 2019లో అలా దేశమంతా కాసినప్పుడు ప్రభుత్వం దాదాపు 10 లక్షల హెక్టార్లలో ఎలకలు, స్టోట్‌లు అనే చిన్న వేటజంతువుల మీద పడాలని ప్లాన్ వేసింది. మన పెద్దవాళ్ళు వెదురు పూస్తే కరువు అనేవాళ్ళు కదా, మిజోరంలో 1959లో నిజంగానే వెదురు పూసి ఎలకలు పెరిగి పంట తినేసి కరువొచ్చింది, అచ్చం అదే కథ. గింజ తిని ఎలకలు చలికాలంలో కూడా పిల్లల్ని పెడతాయి, వసంతంలో మిగిలిన గింజ మొలకెత్తిపోగానే తిండి అయిపోయి చెట్లెక్కి పిట్టల గూళ్ళ మీద పడతాయి, ఆ ఎలకల్ని తిని స్టోట్‌లు పెరుగుతాయి. స్టోట్ అంటే మన ముంగిసకి తమ్ముడిలా ఉంటుంది, కుందేళ్ళని తగ్గిస్తుందని 1880ల్లో తెచ్చి వదిలారు, అది పిట్టల్ని తగ్గించింది.

ఇప్పుడు గొడవ దగ్గరికొద్దాం. సెప్టెంబర్ నుంచి మన ట్రాప్ లైన్‌లో, అంటే అడవిలో వరసగా పెట్టిన బోను పెట్టెల్లో, ఏ పెట్టె తెరిచినా ఎలకే. కమిటీలో కొందరు "రికార్డు, బ్యానర్ వేద్దాం" అన్నారు. నేనేమన్నానంటే, పెట్టెలో ఎలక పడిందంటే ఆ పెట్టె మళ్ళీ మనం వెళ్ళేదాకా మూతపడ్డట్టే, పక్కనుంచి స్టోట్ దర్జాగా వెళ్ళిపోతుంది. ఎన్ని పట్టామన్నది కాదు, ఇంకా ఎన్ని తిరుగుతున్నాయన్నది కావాలి. దానికి ట్రాకింగ్ టన్నెల్ ఉంది, పొడుగాటి డబ్బాలో కార్డు, మధ్యలో సిరా, పక్కన కాస్త పీనట్ బటర్, అంతే, తిరిగినవాటి అడుగులు కార్డు మీద పడతాయి. జూన్‌లో ఒకటీ అరా కార్డు మీద అడుగులుండేవి, నవంబర్‌కి దాదాపు అన్నిటి మీదా ఉన్నాయి. మా చిన్నది ఆ కార్డు చూసి "నాన్నా, కృష్ణాష్టమికి అమ్మ గడప నుంచి వేసే పాదాల్లా ఉన్నాయి" అంది, నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అంత కష్టపడి పట్టినా ఎలకలు పెరిగాయే గానీ తగ్గలేదు. ఇది రాయకుండా పట్టిన నంబర్ ఒక్కటే రాస్తే అది నివేదిక కాదు.

ఇంకో ఒప్పుకోలు, పీనట్ బటర్ బదులు పల్లీ పచ్చడి పెట్టి చూద్దామన్న ఐడియా నాదే. బూజు పట్టింది, ఒక్క ఎలకా ముట్టలేదు. మిరపకాయ తక్కువేస్తే బాగుండేదని గుంటూరు బాబాయ్ ఇంకా అంటూనే ఉన్నారు.

కార్తీక వనభోజనాలకి ఉసిరిచెట్టు లేదు కాబట్టి యథావిధిగా బీచ్ చెట్టు కిందే కూర్చున్నాం. వసంతం కాబట్టి కందిరీగల బాధ అంతగా లేదు, కాకపోతే వణుక్కుంటూ పులిహోర తిన్నాం.

మొక్కల సంగతి. రైతు పొలం అంచున మనం నాటిన బీచ్ మొక్కలు మొదటి విడత చాలావరకు పోయాయి. నీళ్ళు చాలలేదనుకున్నాం, అసలు సంగతి వేరే. బీచ్ వేళ్ళకి ఒక రకం బూజు తోడుంటేనే అది మట్టిలోంచి తిండి లాక్కోగలదు, ఎప్పుడూ గడ్డే పెరిగిన నేలలో ఆ బూజు ఉండదు. రెండో విడతకి ఆ రైతు పొలంలోనే ఉన్న పెద్ద బీచ్ చెట్టు కింది మట్టి ఆయన్నడిగి గుప్పెడు చొప్పున వేశాం, పాలల్లో తోడు వేసినట్టు. ఇవి ఇప్పటికైతే పచ్చగా ఉన్నాయి, గ్యారంటీ ఇవ్వను.

క్రెయిగీబర్న్ కొండల్లో పైన్ మొక్కలు పీకడానికి ఒక్క ఆదివారమే వెళ్ళగలిగాం. ఒకప్పుడు కొండ కోత ఆపడానికి తెచ్చి నాటినవే అవి, ఇప్పుడు బీచ్ ఆగిపోయిన ఎత్తు దాటి పైకి పాకుతున్నాయి. చిన్నవి చేత్తో వచ్చేస్తాయి, గ్లవ్స్ మర్చిపోవద్దు.

వచ్చే నెల నుంచి ట్రాప్ లైన్ డ్యూటీ లిస్టులో ఇంకా నాలుగు శనివారాలు ఖాళీ ఉన్నాయి. ఆ సిరా అడుగుల కార్డులన్నీ మా గరాజ్‌లో తీగకి క్లిప్పులు పెట్టి ఆరేశాను, నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, టీ ఇస్తా.

ఇట్లు,
మీ కార్యదర్శి