కలెక్టర్ గారూ, ఆ అంకెలు మా జంక్షన్ దాకా రావాలి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు మీరే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో మన రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 8 వేల పైమాటే. దేశం మొత్తం మీద 1,68,491 మంది. అందులో దాదాపు 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలో ఉన్నాయి. నాకు అనుమానం అక్కడే. కాగితం మీద ‘అతివేగం’ అని రాసేశాక, వెలగని వీధిదీపం, డివైడర్‌కి కొట్టిన గండి ఎవరి ఖాతాలో పడతాయి?

నేను రోజూ మధురవాడ నుంచి గాజువాకకి బండి మీద వెళ్తాను. మొన్న రాత్రి హైవే పక్కన ఒక లారీ ఆగి ఉంది. వెనక ఎర్ర లైటు లేదు, రేడియం స్టిక్కర్ మీద మట్టి. దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. ఎలాగో పక్కకి తిప్పేశాను గానీ చేతుల్లో వణుకు ఇంటికెళ్లినా తగ్గలేదు. నా ముందు వెళ్లిన కుర్రాడి హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది. పోలీసు కనిపిస్తే గానీ అది తలకెక్కదు, మనవాళ్ల సంగతి మీకు తెలియనిదా!

500 మీటర్ల మేర మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అన్ని ప్రాణాలు పోయేదాకా ఆగాలా?

జిల్లాలోని బ్లాక్ స్పాట్ల జాబితా తెలుగులో, ఏ వేళ ఎక్కువ ప్రమాదాలో, ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో రాసి, ఆయా జంక్షన్లలోనే బోర్డు పెట్టించండి.

ఇట్లు,
మధురవాడ నుంచి ఒక బండివాడు