లేపాక్షి బసవన్న దగ్గర నూనె అద్ది తీసిన అక్కకు

అక్కా, మీ పేరు అడగడం కుదరలేదు. రోడ్డు పక్కన కొలువైన బసవన్న ముందుకాలి దగ్గర ఎవరి చేతిలోంచో దీపాల నూనె సీసా జారినప్పుడు మీరు చేసిన పనికి వెయ్యి దండాలు. అందరూ నీళ్లు పోయమంటుంటే వద్దన్నారు. పాత నూలు చీర ముక్క మడతపెట్టి, రుద్దకుండా అద్ది తీశారు. మడత తడిసినప్పుడల్లా పొడి వైపు తిప్పారు. మిగతాది పురావస్తు శాఖ కాపలాదారుకు అప్పగించారు. అదే సరైన పద్ధతి.

దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవున్న ఏకశిల. గ్రానైటు ఏం పీలుస్తుందిలే అనుకుంటాం గానీ, కంటికి ఆనని పగుళ్లలోకి నూనె దిగుతుంది. రుద్దితే ఇంకా పరుచుకుంటుంది. దానికి దుమ్ము అంటి నల్లటి జిడ్డు కడుతుంది. మెడలోని గంటల దండ చెక్కడాల్లో చేరితే ఇక చెప్పక్కర్లేదు. ఆ మరక చూసి ఎవరో ఇనుప బ్రష్షు పట్టుకొస్తారు. దాని రజను రాతిలో ఇరుక్కుని తుప్పు పడుతుంది. యాసిడ్ అయితే మరీ అన్యాయం, రాతిలోని ఇనుమునే కదిలించి పసుప్పచ్చ మరకలు తెస్తుంది.

మీ చీర ముక్క ఇంకా కాపలాదారు దగ్గరే ఉంది.